వెనక పేజీల్లో పాటలు

పోయినేడు మాఘమాసంలో పెదనాయన తద్దినానికి ఊరికి పోయాను. "అటక మీద ట్రంకుపెట్టె దించరా అబ్బయ్యా, ఇత్తడి తాంబాళం దాంట్లోనే ఉండాలి" అంది పెద్దమ్మ. తాంబాళం లేదు. మూత ఎత్తగానే పొగాకు వాసన గుప్పుమంది. చుట్ట వాసన కాదది. పొగాకును వేడితో ఎండబెట్టే బ్యారన్ కొట్టంలో పసుపెక్కి, మండెగా పేర్చినాక మగ్గిన వర్జీనియా ఆకు వాసన. కాస్త తేనె, కాస్త ఎండుగడ్డి, కాస్త బెల్లప్పాకం. పట్టుచీరలకు పురుగు పట్టకుండా ఎప్పుడో మడతల మధ్య ఆకులు పెట్టిందంట పెద్దమ్మ. చీరలు కూతుళ్ల ఇళ్లకు పోయినాయి. ఆకు పొడై పెట్టె అడుగున మిగిలింది.

ఆ పొడి కింద పొడుగాటి నోటుబుక్కు ఒకటి. అట్ట మీద "బ్యారన్ లెక్కలు" అని పెదనాయన చేతిరాత. ముందు నుంచి తిప్పితే కట్టెల బండ్లు, కూలి డబ్బులు, ఎరువు బస్తాలు. తిరగేసి వెనక నుంచి తిప్పితే పాటలు.

పాటలంటే సాహిత్యం కాదు. పేర్లు కూడా కాదు. ఒక్కో పాటకు ఒకటి రెండు ముక్కలు. ఏడాదికొక గీత గీసి, కింద "ఈ ఏడు కొత్తవి" అని రాసుకున్నాడు. పదకొండు గీతలు లెక్కపెట్టాను. ఈలోగా అయ్యవారు వచ్చారని వాకిట్లోంచి పిలుపు. పుస్తకాన్ని చొక్కా లోపల దోపుకుని పోయి పీట మీద కూర్చున్నా. తద్దినం పెడుతున్నంతసేపూ అది పొట్టకు తగులుతూనే ఉంది.

*

మా ఊరు ఒంగోలుకు దగ్గర. కరవది స్టేషన్లో రైలు కూతపెడితే మా పొలం దాకా వినపడేది. సంక్రాంతి దాటాక పొగాకు పని ఊపందుకునేది. మగవాళ్లు ఆకు విరిచి మోపులు తెస్తే, ఆడవాళ్లు పందిరి కింద కూర్చుని కర్రలకు అల్లేవాళ్లు. వేళ్లన్నీ జిగురు. ఆ జిగురు సబ్బుకు పోయేది కాదు. పచ్చి టమాటా రుద్దుకునేవాళ్లు. అల్లిన కర్రల్ని బ్యారన్ లోపల కింది నుంచి పైదాకా అంతస్తులుగా వేలాడదీసి, తలుపు మూసి, పొయ్యి రాజేసేవాళ్లు. ఇక ఐదారు రోజులు ఆ పొయ్యి ఆరకూడదు.

మొదట్లో సన్నటి వేడి చాలు, ఆకు పసుపెక్కే దాకా. ఆ తర్వాత నిదానంగా పెంచుకుంటా పోవాలి. ఆఖర్న ఈనె ఎండటానికి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తేవాలి. గోడకున్న చిన్న అద్దపు కిటికీలోంచి టార్చిలైటు వేసి లోపలి థర్మామీటరు చూసేవాళ్లు. తొందరపడి వేడి పెంచితే రంగు చెడి ధర పోతుంది. ఎండిన ఆకొకటి జారి కింద కాలే రేకు గొట్టం మీద పడిందంటే బ్యారన్‌కు బ్యారనే అంటుకుంటుంది. అందుకని రాత్రంతా ఒక మనిషి మేలుకుని ఉండాలి. మా ఇంట్లో ఆ మనిషి పెదనాయన. ఆయన్ను మేలుకొలిపి ఉంచేది రేడియో.

మర్ఫీ ట్రాన్సిస్టరు అది. చిల్లుల తోలు సంచి తొడుగు, భుజానికి పట్టీ. సెల్లులు నీరసపడితే తీసి బ్యారన్ వెచ్చటి గోడకు ఆనించి పెట్టేవాడు. ఇంకో రెండు రాత్రులు లాక్కొచ్చేవి. నేను బడి లేని రోజుల్లో ఆయనతోపాటు పొలంలో పడుకునేవాణ్ణి. పడుకునేవాణ్ణి అంటే నులకమంచం మీద దుప్పటి కప్పుకుని, పొయ్యి ఎరుపు ఆయన మొహం మీద ఆడుతుంటే చూస్తా ఉండేవాణ్ణి.

పగలు మా రేడియోలో విజయవాడ, మధ్యాహ్నం శ్రీలంక నుంచి వచ్చే సిలోను, అంతే. రాత్రి పది దాటాక అదే పెట్టెలోంచి ప్రపంచం దిగొచ్చేది. దానికి కారణం నేను కాలేజీలో ఫిజిక్సు చదివేటప్పుడుగానీ తెలియలేదు. మీడియం వేవ్ తరంగాలను పగటిపూట ఆకాశంలో ఎత్తున ఒక పొర మింగేస్తుంది. పొద్దు కుంకితే ఆ పొర పోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి వందల మైళ్ల అవతల నేలకు దిగుతాయి. పెదనాయనకు ఇదేమీ తెలియదు. "రాత్రిపూట గాలి ఖాళీగా ఉంటుందిరా, పాటలు తిన్నగా నడిచొస్తాయి" అనేవాడు. ఇప్పటికీ నాకు ఆ మాటే ముందు గుర్తొస్తుంది.

ముల్లు తిప్పడం ఆయన్ను చూసే నేర్చుకోవాలి. వెంట్రుకవాసి తిప్పి ఆగేవాడు. గరగర. కుయ్యిమని ఒక ఈల. ఎవరో ఎక్కడో చైనా భాషలాంటిదేదో మాట్లాడతా ఉంటారు. మళ్లీ వెంట్రుకవాసి. రేడియోను మంచం పట్టె మీద ఒక వైపుకు తిప్పి, ఆ తర్వాత ఇంకో వైపుకు తిప్పి పెట్టేవాడు. పాట దొరికిందంటే చెయ్యి గాల్లోనే ఆగిపోయేది, దించితే పాట పోతుందేమోనన్నట్టు. పాట అలల్లా దగ్గరకొచ్చి దూరం పోయేది. అది అయ్యాక లాంతరు దగ్గరకు జరిగి లెక్కల పుస్తకం తిరగేసి రాసుకునేవాడు. నేనప్పుడు అది కూలి లెక్కే అనుకున్నా.

*

ఆయన పద్ధతి ఒకటి పుస్తకం చదివాక అర్థమైంది. సినిమా పాటలు రాయలేదు. సిలోను రేడియోలో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గొంతు వినపడితే ఊరంతా పనులాపేది. ఆ పాటలు మా అందరికీ నోటికొచ్చు. అవి రాసుకునేదేముంది? చెవికి మొదటిసారి తగిలినవి, ఎవరివో తెలియనివి మాత్రమే ఆయన రాసుకున్నాడు. ఒక్కచోట మటుకు తప్పాడు. "నెల్లూరు కుర్రోడు పాడుతుంటే మనింట్లో పిలగాడు పాడినట్టుంది" అని ఒక పేజీ అంచున ఉంది. బాలసుబ్రహ్మణ్యం 1966లో సినిమాలకు పాడటం మొదలుపెట్టాడు. పుస్తకం రాసేనాటికి ఆయన కొత్తేమీ కాదు. అయినా పెదనాయనకు రాయకుండా ఉండబుద్ధి కాలేదు. ఆ కుర్రోడి నాయన సాంబమూర్తిగారి హరికథ నెల్లూరులో విన్నానని చెప్పుకునే మనిషాయె.

ఆ పుస్తకం పట్టుకుని ఈ ఏడాదంతా తిరిగాను. రిటైరై నెల్లూరులో ఉంటున్నా, పొద్దునపూట చెరువు కట్ట మీద నడక తప్ప పెద్ద పనిలేదు. ఈ ఏడు నీకు బాగా నచ్చిన కొత్త పాటలేంటి నాన్నా అని మా అమ్మాయి డిసెంబరులో ఫోన్లో అడిగింది. వాళ్ల ఫోన్లలో ఏడాది చివర అలాంటి జాబితా ఒకటి వస్తుందంట. ఆలోచిస్తే నాకు కొత్తవన్నీ ఆ పాత పుస్తకంలోవే.

*

"ఢిల్లీ. ఉర్దూ. ఆడమనిషి. పైకి పోయినప్పుడు గొంతు చీలింది. చీలినచోటే బాగుంది."

ఇది నాలుగో గీత కింద ఉంది. దీని కోసం పెదనాయన పడ్డ పాట్లు నాకు తెలుసు. ఒంగోలులో క్యాసెట్లు రికార్డు చేసిచ్చే కొట్లు వచ్చిన రోజులు. కాగితం మీద పాటల జాబితా రాసిస్తే అరవై నిమిషాల క్యాసెట్టుకు ఎన్ని పడితే అన్ని ఎక్కించి ఇచ్చేవాళ్లు. వెనక ఉన్న చిన్న ప్లాస్టిక్ పుల్ల విరగ్గొడితే ఇంకెవరూ చెరపలేరు. జాబితా రాయడానికి ఆయనకు పేరు తెలిస్తేనా! కొట్టు అబ్బాయి ముందు నిలబడి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఆ పాట కూనిరాగం తీశాడు. పైకి పోయేచోట తన గొంతును కూడా చీల్చాడు. అబ్బాయి రెండు హిందీ సినిమా పాటలు వినిపించాడు. పెదనాయన తల అడ్డంగా తిప్పాడు. ఇంకో నాలుగు వినిపించాడు. కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను పదో తరగతిలో ఉన్నా, నాకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి ఆయన పక్కన నడవకుండా నాలుగడుగులు వెనక నడిచాను. బస్టాండు దాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఆ నాలుగడుగులు నన్నింకా బాధపెడతాయి.

ఈ ఏడు నెల్లూరు కోటమిట్టలో ఉండే స్నేహితుడికి పుస్తకం చూపించాను. బడిలో ఉర్దూ చెప్పి రిటైరయ్యాడు. చదివి వినిపించగానే కళ్లు మూసుకున్నాడు. "గొంతు చీలిందన్నాడా మీ పెద్దాయన? అయితే బేగం అఖ్తర్. ఇంకెవరూ కాదు." పై స్వరానికి పోయినప్పుడు ఆమె గొంతు సన్నగా చిట్లేదంట. వేరే ఎవరికైనా అది లోపం. ఆమెకు అదే గుర్తు, దానికోసమే వినేవాళ్లు కాచుకుని ఉండేవాళ్లంట. 1914లో ఫైజాబాద్‌లో పుట్టింది. పెళ్లయ్యాక కొన్నేళ్లు పాటకే దూరమై, మనిషి జబ్బుపడి, 1949లో లక్నో రేడియోలో మళ్లీ పాడింది. 1974లో పోయింది. అంటే పెదనాయన మా పొలంలో విన్నది అప్పటికే పోయిన మనిషి గొంతన్నమాట.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఒక్కో గజల్ వింటా కూర్చున్నా. మాటలు సగం అర్థం కాలేదు. నాలుగో దాంట్లో ఆమె పైకి పోయింది, గొంతు చిట్లింది. ఒంగోలు కొట్లో పెదనాయన తీసిన రాగం అచ్చం అదే. ఆయన తప్పు పాడలేదు. అక్కడున్నవాళ్లలో ఆయనొక్కడికే ఆ పాట తెలుసు.

*

"విజయవాడ. వీణ. ఒక్కో మెట్టే ఎక్కుతోంది. ఎక్కినాక దిగబుద్ధి కాలేదు."

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున భక్తిరంజని అయ్యాక శాస్త్రీయ సంగీతం పెట్టేవాళ్లు. మా ఇంట్లో ఆ టైముకు రేడియో ఆపేయడం అలవాటు, బ్యాటరీ మిగులుతుందని. ఈ ఒక్కటి ఆపకుండా విన్నట్టున్నాడు.

మెట్లు ఎక్కే పాటేంటో ఎవరు చెబుతారు? మా వీధిలో పిల్లలకు వీణ నేర్పే అమ్మ ఒకావిడ ఉంది. ఆమెను అడిగితే ఒక్క నిమిషం ఆలోచించి వీణ దగ్గరకు పోయి కూర్చుంది. త్యాగరాజు కాలపు వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి భైరవి రాగంలో కట్టిన స్వరజతి అనే రచన. అందులో చరణాలు ఒక్కోటి ఒక్కో స్వరంతో మొదలవుతాయి. మొదటి చరణం షడ్జమం, తర్వాతిది రిషభం, ఆ తర్వాత గాంధారం, అలా వరసగా పై షడ్జమం దాకా. ఆమె చూపుడువేలు తీగ మీద ఒక్కో మెట్టు ముందుకు జరగడం కళ్లతో చూశాను. సరిగమలు కూడా రాని మనిషి, కట్టెలు ఎగదోసుకుంటా, రేడియోలో ఒక్కసారి విని ఈ సంగతి పట్టుకున్నాడు. నాకైతే ఆమె చెప్పి చూపించినా మూడోసారికి గాని వినపడలేదు.

ఇంకోమాట. శ్యామశాస్త్రి 1762లో తిరువారూరులో పుట్టాడు, తర్వాత తంజావూరులో స్థిరపడ్డాడు. వాళ్ల పూర్వీకులు మాత్రం మన కంభం నుంచి పోయినవాళ్లు. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల కూడా కంభం వైపు ఊరేనంటారు. కంభం చెరువు కట్ట మీద చిన్నప్పుడు బడి నుంచి విహారయాత్రకు తీసుకుపోతే పులిహోర తిని వచ్చాం. శ్రీకృష్ణదేవరాయల నాటి చెరువని చెప్పారు. ఆ నీళ్లు తాగినవాళ్ల మనవడు ఒకడు ఇట్టాంటి పాట కట్టాడని ఒక్కరూ చెప్పలేదు.

*

ఇక సన్నాయి.

"తిరుచ్చి. తెల్లారుజాము. సన్నాయి. మనోడంట!" ఆశ్చర్యార్థకం ఆయనే పెట్టాడు. పుస్తకం మొత్తంలో అదొక్కటే.

సన్నాయి అంటే మాకు పెళ్లి గోల. మేళం కూర్చున్న చోటికి పోయి, వాయించే ఆయన ఎదురుగా నిలబడి, చింతకాయ కొరికి చప్పరించేవాళ్లం. చూస్తే ఆయనకు నోట్లో నీళ్లూరి సన్నాయి పీక తడిసి ఊపిరి తప్పుతుందని ఎవరో పెద్ద పిల్లలు చెప్పారు. మా మేనత్త కూతురి పెళ్లిలో నేను ఆ పనిలో ఉండగా పెదనాయన వచ్చి చెవి మెలేశాడు. కొట్టలేదు. ఆ మేళం ముందే నన్ను కూర్చోబెట్టి, పక్కన తను కూర్చున్నాడు. డోలు దెబ్బకు గుండెలదిరేవి. శ్రుతి పట్టే కుర్రాడు నా ఈడువాడే, బుగ్గలు పూరించి ఒకే స్వరం ఊదుతా నా చేతిలో చింతకాయ వంకే చూస్తున్నాడు. అది వాడికిచ్చేశాను. భోజనాలయ్యేదాకా పెదనాయన లేవలేదు, నన్ను లేవనివ్వలేదు. నేను ఏమి విన్నానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ కుర్రాడి బుగ్గలు గుర్తున్నాయి.

"మనోడంట" అంటే ఎవరో వెతకడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. అన్నిటికన్నా సులువుగా దొరికింది ఇదే, అన్నిటికన్నా సిగ్గుపడిందీ ఇక్కడే. షేక్ చినమౌలానా. ఊరు కరవది. మా పొలంలోకి రైలు కూత వినపడిన కరవదే. 1924లో పుట్టాడు. తరతరాలుగా నాదస్వరం వాయించే ఇల్లు వాళ్లది. తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళదేశం పోయి, ఆ బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డాడు. రంగనాథుడి ఊళ్లో మన కరవది సాయిబు సన్నాయి. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆ మరుసటేడే పోయాడు. ఆయన శిష్యులైన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు కూడా పద్మశ్రీ వచ్చింది.

శ్రీరంగం తిరుచ్చి పక్కనే. తిరుచ్చి రేడియో తెల్లవారుజామున మంగళవాద్యం వేస్తే, అది రాత్రి గాలిలో తిన్నగా నడిచొచ్చి, ఆ వాయించే మనిషి పుట్టిన ఊరి పక్క పొలంలో దిగింది. మా పెదనాయన ఒక్కడు మేలుకుని ఉండి విన్నాడు.

ఈ ఏడు నేను విన్న వాటిలో ఏది గొప్పదంటే ఇంకో ఆలోచన లేకుండా ఇదే చెబుతాను. చెరువు కట్ట మీద నడుస్తా చెవిలో పెట్టుకున్నా మొదటిసారి. ఆలాపనే పావుగంట పైన. సన్నాయి అంటే గట్టిగా మోగేదని మన లెక్క కదా. ఆయన ఒక్కోచోట ఎంత సన్నగా ఊదుతాడంటే, పక్కన ఎవరో ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. ఆ సన్నటి దారాన్ని తెగనివ్వకుండా లాగి లాగి, ఉన్నట్టుండి పైకి విసురుతాడు. ఆ విసురుకు నేను నడక ఆపేశాను. ఎదురుగా వస్తున్నాయన "ఏం సార్, కాలు పట్టేసిందా?" అని అడిగాడు. అవునని చెప్పా. ఏమని చెప్పేది?

*

ఒక్కటి మాత్రం దొరకలేదు. "సిలోను కాదు, ఇంకా దూరం. తీగ వాయిద్యం. ఒంటె నడిచినట్టు." అరబ్బు దేశాల ఊద్ కావచ్చని ఊద్ చాలా విన్నాను. ఏదీ ఒంటె నడక కాదు.

దాన్ని వెతుకుతుంటే ఆయన పుస్తకంలో లేనిది ఒకటి నాకు దొరికింది. మాలీ దేశంలో నైజర్ నది ఒడ్డున నియాఫుంకే అని ఒక ఊరు. ఆ ఊరి మనిషి అలీ ఫర్కా తూరే, గిటారు. 1939లో పుట్టి 2006లో పోయాడు. లోకమంతా తిరిగి వాయించినా తనను తాను ముందు రైతుననే చెప్పుకున్నాడు. 1999లో తన ఊరి పేరుతోనే ఒక ఆల్బమ్ తెచ్చాడు. ఊరు వదిలి రానంటే రికార్డు చేసేవాళ్లే యంత్రాలు మోసుకుని అక్కడికి పోయారు. పొలం పని అయ్యాకే పాట. తర్వాత ఆ ఊరికి మేయరు కూడా అయ్యాడు.

ఆ గిటారు చుట్టూ చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది. ఏతం తొక్కేటప్పుడు పాడే పాటలా ఉంటుంది. పెదనాయన ఉంటే దీన్ని వినిపించేవాణ్ణి. ఈ ఏడు ఆయనకు నేనివ్వగలిగింది ఇదొక్కటే ఉంది, మిగతావన్నీ ఆయన ఇచ్చినవే.

*

మొన్న మాఘంలో మళ్లీ తద్దినానికి పోయాను. బ్యారన్ పడగొట్టి చాలాకాలమైంది. ఆ జాగాలో సుబాబుల్ వేసున్నారు. పెద్దమ్మకు చెవులు కాస్త మందగించాయి, అందుకని ఫోన్‌కు తగిలించే చిన్న స్పీకరు తీసుకుపోయా. అయ్యవారు ఇంకా రాలేదు. అరుగు మీద పెట్టి చినమౌలానా సన్నాయి వేశాను.

పెద్దమ్మ పెసరపప్పు చేటతో వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఎవరింట్లోరా పెళ్లి?"

"పెళ్లి కాదు పెద్దమ్మా. కరవది ఆయన. పెదనాయన పుస్తకంలో రాసుకున్నాడు చూడు, ఆయన."

ఆమె గడప మీద కూర్చుంది. చేట ఒళ్లో పెట్టుకుని కాసేపు పప్పులో రాళ్లు ఏరింది. తర్వాత ఏరడం ఆపింది.

"బ్యారన్ కాడి నుంచి తెల్లారుజామున వచ్చి లేపేవాడు" అంది. "కాఫీకేమోనని లేచి పొయ్యి కాడికి పోబోయేదాన్ని. కాదు, కూర్చో అనేవాడు. ఆ డబ్బా తెచ్చి చెవి కాడ పెట్టేవాడు. నాకేమో నిద్ర. ఎంత పని చేసి పడుకునేదాన్నో. కళ్లు మూతలు పడేవి. ఒక్కరోజన్నా సరిగ్గా విన్లేదు."

వీధి మలుపులో అయ్యవారి మోపెడ్ చప్పుడు వినపడింది. నేను ఫోన్ అందుకోబోయా.

"ఆపబాకరా" అంది పెద్దమ్మ. "అయినాక లేద్దాం. ఆయన్ని కాసేపు కూర్చోమను."